వేషం ఎక్కణ్ణించి వస్తుంది
(నెల్లూరు పురమందిరంలో యువ నటీనటుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలందరికీ నమస్కారం. నాటకాలు వేస్తున్న పిల్లలకు ఇంకోసారి నమస్కారం. ఈ సాయంత్రం నేను మాట్లాడాలనుకున్నది ఎక్కువగా మీతోనే.

నన్ను పిలిచినవాళ్లు నటన గురించి, కథ చెప్పడం గురించి, నటుడి సొంత జీవితం గురించి మాట్లాడమన్నారు. విడివిడిగా చెప్పడం నాకు చేతకాదు. ఈ మూడూ నాకు ఒకే ప్రశ్న దగ్గర కలుస్తాయి. వేషానికి కావలసిన సరుకు మనం ఎక్కణ్ణించి తెచ్చుకుంటాం? మన ఇంట్లోంచా, పక్కింట్లోంచా, బజార్లోంచా? తెచ్చుకునే ముందు ఎవరినైనా అడుగుతున్నామా?

నెల్లూరులో నిలబడి మాట్లాడుతూ తిక్కన గారిని తలవకుండా ముందుకు పోలేను. మహాభారతంలో పదిహేను పర్వాలు తెలుగు చేసిన ఆయన మొదలుపెట్టింది విరాటపర్వంతో. నన్నయ గారు అరణ్యపర్వంలో ఆపిన చోటు నుంచి కాకుండా దాన్ని దాటి వచ్చి మొదలుపెట్టారు. ఆ మిగిలిన భాగాన్ని తర్వాత అద్దంకి కొలువులో ఉన్న ఎఱ్ఱన గారు పూర్తి చేశారు. అంటే మహాభారతంలో ఎక్కువ భాగం మన నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల గాలి పీల్చిన తెలుగే. అక్కడే ఎందుకు మొదలుపెట్టారో పండితులు చెబుతారు. నటుడిగా చదివితే మాత్రం విరాటపర్వం నాకు పాఠ్యపుస్తకంలా కనిపిస్తుంది.

కథ మీకు తెలుసు. అయిదుగురు అన్నదమ్ములు, వాళ్ల భార్య ఏడాది పాటు వేరే మనుషులుగా బతకాలి. ఎవరైనా గుర్తుపడితే మళ్లీ అడవికి పోవాలి. అప్పుడు వాళ్లు ఏం మాట్లాడుకున్నారో చూడండి. నువ్వు ఏం పని చేస్తావు అని ఒకరినొకరు అడిగారు. భీముడు వంట చేస్తానన్నాడు. అర్జునుడు ఆట నేర్పుతానన్నాడు. నకులుడు గుర్రాలు, సహదేవుడు ఆవులు. ద్రౌపది సైరంధ్రిగా చేరి రాణిగారికి జడలు వేస్తానంది. అందరికీ చేతిలో ఉన్న పనే. పని దొరికాక పేరు వచ్చింది, నడక వచ్చింది, మాట వచ్చింది.

ధర్మరాజు ఏం ఎంచుకున్నాడు? జూదం. రాజ్యాన్ని, తమ్ముళ్లను, భార్యను పోగొట్టుకున్న ఆటనే ఏడాది పాటు విరాటుడి కొలువులో ఆడటానికి ఒప్పుకున్నాడు. ఆ పాచికలు చేతిలోకి తీసుకుంటే ఆయనకు ఎక్కడ నొప్పి పుడుతుందో చదివేవాళ్లందరికీ తెలుసు. అందుకని ఆయన నొప్పిని చూపించక్కర్లేదు. పాచికలు వేస్తే చాలు. నాకు ఇంతకంటే గొప్ప నటన పాఠం ఇంకెక్కడా దొరకలేదు.

అదే పర్వంలో ఇంకోటి కూడా ఉంది. కీచకుడు సభలో అవమానించాక ద్రౌపది సైరంధ్రిగా ఉండలేకపోయింది. రాత్రిపూట వంటశాలకు వెళ్లి భీముణ్ణి నిద్రలేపింది. ఊరంతటికీ ఆమె సైరంధ్రి, ఆ వంటశాలలో మాత్రం ద్రౌపది. ఆ చోటు లేకపోతే ఆమె ఆ ఏడాది గడిపేదా అని నాకు అనుమానం. నటుడి సొంత జీవితం అని మీరు అడిగినప్పుడు నాకు మొదట ఆ వంటశాలే గుర్తొచ్చింది. అలాంటి చోటు మనకూ ఒకటి ఉండాలి, అందులోకి ప్రేక్షకుణ్ణి రానివ్వకూడదు.

నేను చాలాకాలం బస్సు కండక్టరుగా పనిచేశాను. నాటకం అన్నం పెట్టదు కాబట్టి ఉద్యోగం, ఉద్యోగం సరిపోదు కాబట్టి నాటకం, అట్లా రెండూ నడిచాయి. మన దగ్గర ఇది కొత్త సంగతేం కాదు. రమణారెడ్డి గారు సినిమాల్లోకి పోకముందు ఈ ఊళ్లోనే శానిటరీ ఇన్‌స్పెక్టరు. రాజనాల గారు రెవెన్యూలో గుమాస్తా. ఒకరు తెరమీదికొస్తే నవ్వొచ్చేది, ఇంకొకరు వస్తే పిల్లలు జడుసుకునేవాళ్లు. ఇద్దరూ రోజూ జనంతో తగిలే ఉద్యోగాల నుంచి వచ్చినవాళ్లే. పరిషత్తుల్లో, అంటే నాటక పోటీల్లో, ఆడే మా తరంలో కూడా టీచర్లు, బ్యాంకువాళ్లు, కరెంటు ఆఫీసువాళ్లు, ఆర్టీసీవాళ్లే ఎక్కువ. ఉద్యోగం ఉంటే నటన చెడుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. నాకు తెలిసిన మంచి నటులు చాలామంది సాయంత్రం అయిదు తర్వాతే నటులు.

నెల్లూరు నుంచి ఉదయగిరి పోయే దారిలో డ్యూటీ పడితే నాకు పండగ. బుచ్చి, సంగం, ఆత్మకూరు దాటేకొద్దీ మాట మారుతుంది. కాలవ కింద వరి పండించేవాళ్ల మాటకు ఒక నిదానం ఉంటుంది. అటు మెట్టలోకి పోయేసరికి మాట పొట్టిదవుతుంది, గట్టిదవుతుంది. అదే జిల్లా, అదే బస్సు. సినిమాల్లో 'నెల్లూరు యాస' అని ఒకటి తయారుచేసి పెట్టారు. నాలుగు 'బాక'లు, రెండు 'ఏందబ్బయ్యా'లు వేస్తే నెల్లూరు అయిపోతుందని అనుకుంటున్నారు. దాన్ని ఎప్పుడూ నవ్వించడానికో, పెద్ద మీసాల రౌడీకో వాడుతున్నారు. ఆ భాషలో పెళ్లిచూపులు జరుగుతాయి, పొలం పంపకాలు జరుగుతాయి, ఆసుపత్రి బయట కూర్చుని జనం దేవుణ్ణి మొక్కుకుంటారు. మీకు నెల్లూరు పాత్ర వస్తే ఏ ఊరి మనిషో రచయితను అడగండి. తెలియదంటే మీరే ఒక ఊరు అనుకోండి. అక్కడికి పోయి టీ అంగడి దగ్గర కూర్చోండి.

ఇక మా ఇంటి సంగతి. మాది కందుకూరు పక్కన పల్లె. 1970కి ముందు అది నెల్లూరు జిల్లా, తర్వాత ప్రకాశం, 2022లో మళ్లీ నెల్లూరు. ఊరు మాత్రం కదల్లేదు. మా నాన్న పొగాకు రైతు. ఆ పంట తెలిసినవాళ్లు ఇక్కడ చాలామంది ఉంటారు. ఆకు రెలవాలి, అంటే కోయాలి, కర్రలకు అల్లాలి, బ్యారన్‌కు, అంటే ఆకును వేడి మీద ఎండబెట్టే గదికి, ఎక్కించాలి. అక్కణ్ణించి అయిదారు రోజులు రాత్రీపగలూ కొలిమి దగ్గర మనిషి ఉండాలి. మొదట చిన్న వేడి మీద ఆకు పచ్చదనం పోయి పసుపు తిరగాలి. తర్వాత ఆకు ఎండాలి, చివరికి కాడ ఎండాలి. అప్పటికి లోపల వేడి ఫారన్‌హీట్ లెక్కలో 160 దాకా పోతుంది. వేడి తొందరగా పెంచితే రంగు చెడుతుంది, కాడ ఎండకముందే మంట తగ్గితే సరుకు నిలవుండదు. ఏడాది పెట్టుబడి, బ్యాంకు అప్పు, కౌలు, అన్నీ ఆ నాలుగు గోడల మధ్య వేలాడుతుంటాయి.

మా నాన్న చిన్న అద్దంలోంచి థర్మామీటరు చూసే తీరు నాకు ఇప్పటికీ తెలుసు. టార్చి వేసేవాడు, చూసేవాడు, ఏమీ మాట్లాడేవాడు కాదు. ఒక పుల్ల వేసేవాడు, లేదంటే ఒక పుల్ల లాగేవాడు. నిద్ర కళ్లతో ఆ పని చేసే మనిషి మెడ ఎట్లా వంగుతుందో, కూర్చుని లేచేటప్పుడు మోకాలి మీద చెయ్యి ఎట్లా పడుతుందో నాకు తెలుసు. నేను వేసిన వేషాల్లో సగం ఆ మెడ నుంచి, ఆ మోకాలి నుంచి వచ్చాయి. రాత్రి కాపలాదారుడి వేషం వేశాను, పురుడు గది బయట తండ్రి వేషం వేశాను, పదవి పోతుందని భయపడే మంత్రి వేషం వేశాను. ఎదురుచూడటమే పని అయిన మనిషి ఎవరైనా సరే, నేను ముందు బ్యారన్ దగ్గరికే పోతాను.

మా నాన్న పోయిన రోజు బ్యారన్‌లో ఆకుంది. కాడ ఎండే దశ. చుట్టాలు వస్తున్నారు, ఆడవాళ్లంతా అమ్మ చుట్టూ చేరి ఏడుస్తున్నారు. మా అమ్మ ఏడుస్తూ ఏడుస్తూ తల పైకెత్తి నావైపు చూసింది. "బ్యారన్ కాడ ఎవురున్నార్రా?" అంది. బాబాయి ఉన్నాడమ్మా అన్నాను. తల ఊపింది. మళ్లీ ఏడుపు అందుకుంది.

ఈ సంగతి మీకు చెప్పొచ్చా అని మా అమ్మను అడిగే వచ్చాను. ఆమె ఊళ్లోనే ఉంది. "జరిగిందే కదా, చెప్పు. మీ నాయన్ని మాత్రం తక్కువ చెయ్యబాక" అంది. తక్కువ చేయడం ఎట్లా కుదురుతుంది? ఆయన రాత్రులు మేలుకుని కాసిన పంటను ఆయన పోయిన పూట కూడా చెడిపోనివ్వలేదు ఆమె. మా ఇంట్లో నేను చూసిన ప్రేమ అదే.

కొన్నేళ్ల తర్వాత ఒక సీరియల్లో నాకు అలాంటి సన్నివేశమే వచ్చింది. తండ్రి చనిపోయాడని కొడుక్కి కబురు రావాలి. దర్శకుడు మంచివాడు, నా మేలు కోరే చెప్పాడు. "సార్, ఒక్కసారి మీ నాన్నగారిని తలుచుకోండి, ఆటోమేటిగ్గా వచ్చేస్తుంది" అన్నాడు. నేను ఆ పని చెయ్యనన్నాను. మాస్టర్ షాట్ ఒకటి తీస్తారు, క్లోజప్ తీస్తారు, ఫోకస్ పోయిందని ఇంకోటి తీస్తారు. ప్రతి టేకుకూ మా నాన్న మళ్లీ పోవాలా? అది నేను ఒప్పుకోను. ఇంకో కారణం కూడా ఉంది, అది పూర్తిగా పనికి సంబంధించింది. నేను మా నాన్నను తలుచుకుంటూ ఉంటే ఎదురుగా నిలబడి కబురు చెప్పే నటుణ్ణి చూడను. అతను ఏ గొంతుతో చెప్పాడో వినను. కన్నీళ్లు వస్తాయి కానీ అవి ఆ సన్నివేశానివి కావు. ప్రేక్షకుడికి తేడా తెలిసిపోతుంది.

మరి ఏం చేశాను? ఆ కొడుకు ఏం పని చేస్తాడని అడిగాను. కిరాణా అంగడి అన్నారు. అయితే కబురు వచ్చేసరికి ఒక పిల్లాడికి పంచదార పొట్లం కడుతూ ఉంటానన్నాను. కబురు విన్నాను. పొట్లం కట్టడం ఆపలేదు, దారం రెండు చుట్లు చుట్టి తెంపాను, పిల్లాడికి ఇచ్చాను, చిల్లర లెక్కపెట్టి ఇచ్చాను. పిల్లాడు వెళ్లిపోయాక చెయ్యి బల్ల మీద ఆనింది. అంతవరకే. మా అమ్మ దగ్గర నేర్చుకున్నది అక్కడ ఉంది. మా అమ్మ మాట అక్కడ లేదు, ఆమె కన్నీళ్లూ లేవు. పిల్లలూ, ఈ తేడా మీకు చెప్పడానికే నేను ఈ ఊరు వచ్చాను. మనుషులు ఎట్లా బతుకుతున్నారో చూసి నేర్చుకోవడం మన హక్కు. వాళ్ల బతుకును ఎత్తుకొచ్చి స్టేజీ మీద పెట్టాలంటే మాత్రం వాళ్ల అనుమతి కావాలి.

అనుమతి ఒక్కోసారి రాదు కూడా. అప్పుడేం చెయ్యాలి? మా సంసారంలో ఒక విషయం జరిగింది, చాలాకాలం అయింది. అదేమిటో ఇక్కడ చెప్పను. "దాన్ని మాత్రం స్టేజీ మీదికి తీసుకెళ్లొద్దండీ. అది మనిద్దరిది" అని నా భార్య నాతో అంది. సరేనన్నాను. తర్వాత ఒక నాటికలో దానికి చాలా దగ్గరగా ఉన్న వేషం వచ్చింది. మంచి వేషం, బహుమతి వచ్చే వేషం. వద్దనుకున్నాను. కారణం రచయితకు చెప్పలేదు, చెబితే అదీ బయటపెట్టడమే అవుతుంది. వేరే నటుడు వేశాడు, బాగా వేశాడు. చూసి వచ్చి అతణ్ణి కౌగిలించుకున్నాను.

ఇప్పుడు నటన మొదలుపెట్టేవాళ్లకు ఇది మా కాలం కంటే కష్టం. చేతిలో ఫోను ఉంది. అమ్మకు ఒంట్లో బాగాలేదని వీడియో, పాప ఏడ్చిందని వీడియో, భార్యాభర్తలు గొడవపడినట్టు రీలు. చూసేవాళ్లు పెరుగుతారు, నాకు తెలుసు. కానీ నటుడికి లోపల కొంత చీకటి ఉండాలి. ఏ సన్నివేశంలో ఏం చేస్తాడో ప్రేక్షకుడు ముందే ఊహించలేకుండా ఉండాలి. మీ ఇంటి మూలమూలా చూసేసిన ప్రేక్షకుడు మిమ్మల్ని దుర్యోధనుడిగా ఎట్లా చూస్తాడు? చూపించే ప్రతిదీ పోతుంది. దయచేసి కొంత దాచుకోండి.

కథ చెప్పడం గురించి నేను ఎక్కువ నేర్చుకున్నది స్వర్ణాల చెరువు దగ్గర. రొట్టెల పండగకు మీరంతా వెళ్లి ఉంటారు. బారాషహీద్ దర్గా పక్కన నీళ్లలో దిగి జనం నిలబడతారు. ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె అని పిలుస్తారు. కోరిక తీరినవాళ్లు తెచ్చి ఇస్తారు, కోరిక ఉన్నవాళ్లు తీసుకుంటారు. ఎవరో ఎవరికో తెలియదు. కులం తెలియదు, మతం అడగరు. ఎన్నో ఏళ్లు ఎదురుచూసి బిడ్డను కన్న తల్లి నీళ్లలో నిలబడి 'సంతానం రొట్టె' అని రెండే మాటలు అంటుంది. ఆ రెండు మాటల వెనక ఎన్ని ఆసుపత్రులు, ఎన్ని సూటిపోటి మాటలు ఉన్నాయో ఆమె చెప్పదు. తీసుకునే అమ్మాయి కూడా అడగదు, అయినా ఆమెకు అర్థమవుతుంది. మన నాటకాల్లో పాత్రలు తమ కష్టం అంతా పేజీలు పేజీలు చెప్పుకుంటాయి. రచయితలు ఇక్కడ ఉంటే నా మనవి, ఒక్కసారి ఆ నీళ్లలో నిలబడి వినండి. ఎంత తక్కువ మాటలతో మనుషులు ఒకరికొకరు అర్థమవుతున్నారో తెలుస్తుంది. అక్కడ నేను వినడానికే పోతాను. ఎవరి ముఖాన్నీ ఫోనులో తియ్యను.

మాట కంఠతా పట్టడం గురించి ఒక పద్ధతి చెబుతాను, ఉపయోగపడితే వాడుకోండి. మీ మాటల కంటే ముందు ఎదుటివాళ్ల మాటలు కంఠతా పట్టండి. అప్పుడు మీ మాట ఎందుకు పుట్టిందో తెలుస్తుంది. ఆ తర్వాత మీ మాటల్ని ఏదో ఒక ఇంటి పని చేస్తూ చెప్పుకోండి. బియ్యంలో రాళ్లు ఏరుతూ చెప్పండి, చీర మడతపెడుతూ చెప్పండి. చెయ్యి ఆగకుండా మాట వస్తే అది మీదైనట్టు. చెయ్యి ఆగిపోయిందంటే మీరు ఇంకా కాగితం చదువుతున్నట్టు. సీరియళ్లలో పక్కనుంచి ప్రాంప్టింగ్ చెబుతారు, దాన్ని అందుకోవడం ఒక నేర్పు, కాదనను. ఇల్లు గడవడానికి నేనూ చేశాను, చేస్తున్నాను. స్టేజీ అనుభవం లేకుండా నేరుగా దానికి అలవాటు పడితే మాత్రం ఎదుటివాళ్లను వినే చెవి పోతుంది.

పద్యనాటకం నేర్చుకోమని కూడా చెబుతాను. పద్యం పాడటం రాకపోయినా పర్వాలేదు, చెప్పడం నేర్చుకోండి. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో అది నేర్పినట్టు ఇంకేదీ నేర్పదు. వన్స్ మోర్ అని జనం అరిచినప్పుడు మళ్లీ అదే పద్యం అందుకుని, మళ్లీ అదే కోపంలోకి పోవడం చిన్న విద్య కాదు.

ఒంగోలులో చదువుకునే రోజుల్లో టంగుటూరి ప్రకాశం గారు నాటకాలు వేసేవారు. ఆయన ఆత్మకథలోనే రాసుకున్నారు. ఆయనను చేరదీసి చదివించిన ఇమ్మానేని హనుమంతరావు నాయుడు గారు నాటకాల మనిషి. పేద పిల్లాడు, చదువుకు డబ్బుల్లేవు, నాటకం పట్టుకుని పైకొచ్చాడు. 1928లో సైమన్ కమిషన్ వచ్చినప్పుడు మద్రాసులో తుపాకుల ముందు రొమ్ము చూపించి నిలబడిన మనిషిని తలుచుకుంటే, నిలబడటం ఆ చిన్ననాటి రంగస్థలం మీదే కొంత నేర్చుకుని ఉంటారని నాకు అనిపిస్తుంది. ఇది నా నమ్మకం. చరిత్రకారులు ఒప్పుకోకపోవచ్చు.

ప్రకాశం గారు ఆ రోజుల్లో ఆడవేషాలు కూడా వేశారు. ఆడపిల్లలు స్టేజీ ఎక్కని కాలం అది. ఇప్పుడు ఎక్కుతున్నారు. ఈ హాల్లోనే చాలామంది ఉన్నారు. వాళ్ల గురించి నాటక సమాజాలు నడిపేవాళ్లకు కొన్ని మాటలు గట్టిగా చెప్పాలి.

నటుడి సొంత జీవితం గురించి నన్ను గౌరవంగా అడిగారు. అదే ప్రశ్న నటిని అడిగేటప్పుడు ఆ గౌరవం ఉండటం లేదు. పెళ్లైందా, మీ ఆయన ఏమీ అనడా, రాత్రి ఎన్నింటికి ఇంటికి పోతావు? మేం ఊరూరా తిరిగే రోజుల్లో మాతో వేషాలు వేసిన ఆడవాళ్లు తెల్లవారుజామున ఒంటరిగా బస్టాండులో కూర్చుని మొదటి బస్సు కోసం చూసేవాళ్లు. కండక్టరుగా నేను వాళ్లకు టిక్కెట్లు కొట్టాను. మొహానికి రంగు పూర్తిగా పోయేది కాదు, బస్సులో జనం చూసే చూపు నేను చూశాను. రాత్రి అదే జనం చప్పట్లు కొట్టినవాళ్లు. నాకు అది ఇప్పటికీ కోపం తెప్పిస్తుంది.

రిహార్సల్ ఎక్కడ, ఎన్నింటిదాకా అనేది ఆ అమ్మాయికీ, ఆమె ఇంట్లోవాళ్లకీ ముందే చెప్పండి. చెప్పిన టైముకు ఆపండి. బట్టలు మార్చుకోవడానికి తలుపు, గడియ ఉన్న గది ఇవ్వండి. తెర వెనక దుప్పటి అడ్డం కడితే సరిపోదు. నాటకం అయ్యాక ఇంటిదాకా దింపే ఏర్పాటు ఖర్చులో రాసుకోండి, మైకు ఖర్చు, లైట్ల ఖర్చు రాసుకున్నట్టే. డబ్బు నాటకానికి ముందే చేతిలో పెట్టండి. వేషం గురించి మాట్లాడండి, ఇంటి సంగతులు ఆమె చెబితే తప్ప అడగకండి. ఇవి చెయ్యలేని సమాజం ఆడపాత్ర ఉన్న నాటకం ఎత్తుకోవద్దు.

నేను చెప్పాలనుకున్నది ఇంతే. ఇక మీరు అడగండి. వెనక వరుసలో ఆ పసుపు చున్నీ అమ్మాయి ఇందాకటి నుంచి చెయ్యెత్తి ఉంది, ముందు ఆమెకు మైకు ఇవ్వండి.